వరస కలిసింది

మావయ్య పోయిన రోజు సాయంత్రం నేను చారు పెట్టి, తొమ్మిదో తరగతి సైన్సు పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. ‘పోయిన’ అని ఇప్పుడు రాయగలుగుతున్నాను. చాలా కాలం ‘కనబడని రోజు’ అనేదాన్ని. స్టేషన్లో కూడా అలాగే రాయించాను.

వశిష్ఠ గోదావరి నిండా ఎర్ర నీరు. ఎగువన వరద పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు గానీ, నరసాపురం రేవులో నీళ్ళు ఇంకా పై మెట్లు ఎక్కలేదు. చీకటి పడబోతుండగా ఆయన అవతలి ఒడ్డు నుంచి, సఖినేటిపల్లి రేవు నుంచి ఫోన్ చేశారు.

“గాలి లేచింది రమా. పంటు కట్టేశారు, ఇక జనాన్ని దాటించరట. దీనమ్మ గారబ్బాయి విజయ్ పాల్ పడవ తీస్తానంటున్నాడు.”

“ఈ పూటకి అక్కడే ఎవరింట్లోనైనా పడుకోకూడదూ?”

“లేసు మూటలున్నాయి. చెమ్మ తగిలితే మచ్చలు పడతాయి. ఎంతసేపు, ఇలా ఎక్కితే అలా దిగుతాం.”

“జాగ్రత్త మావయ్యా.”

“నడిపేది నేను కాదుగా, భయపడకు,” అని నవ్వారు.

పడవ నది నడుమ తిరగబడిందని రేవులో ఉన్నవాళ్ళు చెప్పారు. మర్నాడు ఒక లేసు మూట దొరికింది. తెల్ల లేసంతా మట్టిరంగుకి తిరిగింది. మనుషులు దొరకలేదు.

సత్తిరాజు మా అమ్మకి తమ్ముడు. నాకు భర్త. నరసాపురంలో ఆయనకి లేసు దారం కొట్టు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి దారం ఇచ్చి, వాళ్ళు అల్లిన లేసు తెచ్చి, పెద్ద వ్యాపారులకి పంపేవారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నేను పుట్టేనాటికి ఆయనకి ఏడేళ్ళు. మేనమామ వరస కనుక నన్ను ఉయ్యాలలో వేసిన రోజే మా పెళ్ళి మాట తేల్చేశానని అమ్మమ్మ చెప్పేది. ఆ అమ్మమ్మే తర్వాత నాకు అత్తగారయింది. పెళ్ళయ్యాక ‘ఏవండీ’ అని పిలవడానికి కొన్నాళ్ళు ప్రయత్నించాను. పిలిచినప్పుడల్లా ఇద్దరికీ నవ్వొచ్చేది. చివరికి మావయ్య అన్న పిలుపే మిగిలింది.

అమ్మమ్మ ముక్కూ, చెవులూ అమ్మకీ మావయ్యకీ వచ్చాయి. అమ్మ నుంచి నాకు వచ్చాయి. కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్ళు మమ్మల్ని అన్నాచెల్లెళ్ళనుకునేవారు. ఆయన కనబడకుండా పోయాక, దారం కోసం వచ్చిన ఆడవాళ్ళు నా మొహం చూసి, చెప్పబోయింది ఆపేసి, తల వంచుకునేవారు. నేను కూడా జడ వేసుకునేటప్పుడు అద్దంకేసి చూడడం మానేశాను. ఒక పక్కకి తిరిగితే అందులో ఆయన చెవి కనబడుతుంది. ఆ చెవికి ఆ ఆకారం ఎందుకొచ్చిందో నేను ఏటా పిల్లలకి చెబుతాను. అంతమాత్రాన భయం తగ్గదు.

బడి తెరిచే ఉంది కనుక వెళ్ళాను. పదో తరగతికి అనువంశికత పాఠం వచ్చింది. డీఎన్‌ఏ నాలుగే అక్షరాల భాష అని మొదలుపెట్టాను. ఎ, టి, జి, సి. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. ఒక్కో మాట ఒక్కో అమైనో ఆమ్లాన్ని పిలుస్తుంది. డీఎన్‌ఏ మాత్రం తన గది దాటి రాదు. నమూనా లేసుని అమ్మ పెట్టెలోనే ఉంచి, చూసి అల్లిన నకలుని మాత్రం పక్కింటికి ఇస్తుంది చూడండి, అలాగ. ఆ నకలు ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చదువుకుంటూ కణం అమైనో ఆమ్లాల్ని ఒక్కొక్కటే గుచ్చుతుంది. ఆ దండే ప్రోటీను. దండ దండలాగే ఉంటే దేనికీ పనికిరాదు. అది మడతలు పడి, తనకంటూ ఒక ఆకారానికి రావాలి. ఆకారం తప్పితే పని తప్పుతుంది. మా బడిలో సగంమంది అమ్మాయిలకి లేసు అల్లడం వచ్చు. ఒక్క అల్లిక తప్పితే పువ్వు ఎలా వంకరపోతుందో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషులో సీక్వెన్స్ అనే మాటకి పుస్తకంలో ‘క్రమం’ అని ఉంది. నేను ‘వరస’ అంటాను. అక్షరాల వరస. పిల్లలకి అదే గుర్తుంటుంది.

ఆ రోజు పూజిత అనే అమ్మాయి లేచింది.

“మేడమ్, మనం చేప తింటే చేప ప్రోటీను మన ప్రోటీను అయిపోద్దా?”

“నేరుగా అవ్వదమ్మా. అరిగేటప్పుడు ఆ దండ తెగి పూసలు విడిపోతాయి. ఆ పూసల్నే మన కణాలు మన వరసలో మళ్ళీ గుచ్చుకుంటాయి.”

“అంటే మన పూసలు ముందు చేపవేనా మేడమ్?”

“కొన్ని.”

“మరి చేపవి అంతకుముందు ఎవరివి?”

“మీ తాతవే,” అన్నారు వెనక నుంచి ఎవరో. క్లాసంతా నవ్వింది. పూజిత కూడా నవ్వింది. తర్వాత నా మొహం చూసి కూర్చుండిపోయింది. నేను బోర్డు వైపు తిరిగి, బెల్లు కొట్టేదాకా బొమ్మ గీస్తూనే ఉన్నాను. ఏం గీశానో గుర్తు లేదు.

దీనమ్మ గారు ఆ వరదలప్పటి నుంచే చేప మానేశారు. ఆవిడ లూథరన్ చర్చి వెనక పేటలో ఉంటారు. చాలా ఏళ్ళుగా మా కొట్టు దారమే తీసుకునేవారు. విజయ్ పాల్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. స్టేషన్ బెంచీ మీద ఇద్దరం చాలాసార్లు పక్కపక్కన కూర్చున్నాం. నా కొడుకు పడవెక్కమని నీ మొగుణ్ణి ఎవరు పిలిచారని ఆవిడ అనలేదు. నీ కొడుకు ఎందుకు తీశాడని నేనూ అనలేదు.

“పులస వచ్చింది, తెమ్మంటారా అని అడుగుతున్నారండి టీచరుగారండీ,” అన్నారు ఒకసారి. “ఆ నీళ్ళలోది నా నోట్లో ఎలా పెట్టుకోనండి? వాడు ఆ నీళ్ళలో ఉంటే?”

నాకు పూజిత ప్రశ్న గుర్తొచ్చింది.

కార్తీకం వెళ్ళాక, అంతర్వేది దిగువన ఉప్పునీటి మడచెట్ల వేళ్ళ మధ్య పీతలు పట్టేవాళ్ళకి ఎముకలు కనిపించాయి. తొడ ఎముకలు, నడుము దగ్గరవి కొన్ని, రెండు మూడు పక్కటెముకలు. తల దొరకలేదు. గుడ్డ పీలిక కూడా లేదు. ఉప్పునీరు బాగా తినేసిందని, ఎదిగిన మగమనిషివని తప్ప ఇంకేమీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు.

పోయింది ఇద్దరు. దొరికింది ఒక్కరు.

డీఎన్‌ఏ పరీక్షకి రక్తం ఇవ్వాలని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. “భార్య రక్తం పనికిరాదట మేడమ్, రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. అమ్మమ్మ లేదు. అమ్మ లేదు. మాకు పిల్లలు లేరు. రెండుసార్లు ఆశ కలిగింది, రెండుసార్లూ నిలవలేదు.

“నేనే ఉన్నాను. నేనే వస్తాను,” అన్నాను.

రక్తం తీయడానికి వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. భార్యనంటే పంపించేస్తాడేమోనని ముందే ఆలోచించుకుని వెళ్ళాను.

“చనిపోయినాయన మీకేమవుతారండి?”

“మావయ్య అవుతారు.”

అతను తల ఊపి టైపు చేసుకున్నాడు. నా తర్వాత దీనమ్మ గారు చెయ్యి చాపారు. “కొడుకండి,” అన్నారు, అడక్కముందే.

సంక్రాంతి సెలవులు, ప్రీ ఫైనల్సు, పదో తరగతి పరీక్షలు అన్నీ అయిపోయాయి. ఎండలు ముదిరాక స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. రెండూ కలవలేదు మేడమ్, అన్నారు. మళ్ళీ అడిగాను. కలవలేదు మేడమ్, అదే మాట. ఫోన్ పెట్టేసి కొట్టు తాళం తీసి లోపల కూర్చున్నాను. అలమరలో దారపుండలు దారపుండల్లాగే ఉన్నాయి. ఆయన బేరానికొచ్చినవాళ్ళ ముందు మూడు పోగుల దారం కొస తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురి విప్పి చూపించేవారు. “మూడు పోగులండి. తెగదు,” అని. కాసేపటికి చూసుకుంటే నా వేళ్ళు అలాగే కదులుతున్నాయి. చేతిలో దారం లేదు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. ఎవరివో తేలని ఎముకల్ని మున్సిపాలిటీ పూడ్చేస్తుంది. అలా కాకుండా మా సమాధుల తోటలో పెట్టుకుంటామని చర్చి పెద్దలు అడిగారు. నాకు అభ్యంతరం లేదని రాసిస్తే సరిపోతుంది.

వెళ్ళాను. దీనమ్మ గారు అప్పటికే స్టేషన్లో ఉన్నారు. బెంచీ కింద గోనెసంచిలో ఏదో పొడుగ్గా ఉంది. శిలువ. తెల్ల రంగు వేయించి, విజయ్ పాల్ అని నల్ల రంగుతో రాయించారు.

“కాగితంలో కలవలేదన్నారు గదండీ,” అన్నాను మెల్లిగా.

“కాగితానికేం తెలుసండి. కలవకపోతే కలవకపోనీండి. ఎవడో ఒక తల్లి కన్నోడేగా. నా ఎదురుగా మట్టిలో పెడితే నేను ఇంటికెళ్ళి పడుకుంటాను. ఇన్నాళ్ళూ తలుపు గెడ వెయ్యకుండా పడుకుంటున్నానండి, వాడొస్తే వినబడదేమోనని.”

నేనూ గెడ వెయ్యడం లేదని చెప్పలేదు. పెన్ను తీశాను.

ఎస్సై కిరణ్ కుమార్ గారు కొత్తగా బదిలీ మీద వచ్చారు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కాగితం నా వైపు తిప్పారు. “ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్. పాపం, మీ మావగారి కోసం మీరు ఇన్నిసార్లు తిరిగారు. కన్నకొడుకులే తిరగరు ఈ రోజుల్లో.”

“మావగారేంటండి బాబూ!” దీనమ్మ గారు బెంచీ మీద నుంచే అన్నారు. “ఆవిడ మొగుడండి ఆయన.”

“భర్తా? రిపోర్టులో ఫాదరిన్‌లా అని ఉంది కదండీ.”

“నేను మావయ్య అని చెప్పాను,” అన్నాను.

“అదేనండి, మావయ్యంటే మావగారే కదా.”

“మేనమామ.”

ఆయన నా వైపూ దీనమ్మ గారి వైపూ చూశారు. “మేనమామా, మొగుడా? ఏదో ఒకటి చెప్పండి మేడమ్.”

“రెండూనండి! ఆయ్, మేనరికం,” అన్నారు దీనమ్మ గారు. “మీ వైపు ఉండవా ఏంటి? ఎస్సైగారికి వరసలు కూడా మేమే నేర్పాలా?”

పక్క బల్ల దగ్గర కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు. నేను రిపోర్టు అడిగి తీసుకున్నాను. రెండో పేజీలో నా పేరు ఉంది. కోడలు గనుక రక్తసంబంధం లేదని, నమూనాని పోల్చి చూడలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం. రెండూ కలవలేదని నాకు ఫోన్లో చెప్పారు. దీనమ్మ గారిది పోల్చారు, కలవలేదు. నాది అసలు తెరవనే లేదు.

ఎముకల్లో మామూలు డీఎన్‌ఏ చాలావరకు పాడైపోయిందని, మైటోకాండ్రియాది మాత్రం చదవగలిగామని పై పేరాలో ఉంది. ఆ పేరా రెండుసార్లు చదివాను. పెన్నుకి మూత పెట్టాను.

“ఏవైందండి టీచరుగారండీ?” అన్నారు దీనమ్మ గారు.

ఆవిడకి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. బెంచీ మీద పక్కన కూర్చుని, పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి తయారుచేసే చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. వాటికి సొంతంగా ఒక చిన్న డీఎన్‌ఏ చుట్ట ఉంటుంది. అది తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. కొడుకులకీ వస్తుంది, కూతుళ్ళకీ వస్తుంది. కొడుకు దగ్గర ఆగిపోతుంది. కూతురు తన పిల్లలకి ఇస్తుంది. కణానికి వందల నకళ్ళు ఉంటాయి కాబట్టి మిగతాదంతా పాడైనా అది ఎముకలో మిగులుతుంది.

“మా అమ్మమ్మది మావయ్యకి వచ్చింది. అమ్మకి వచ్చింది. అమ్మ నుంచి నాకు వచ్చింది. మా ఇద్దరిదీ ఒకటే వరసండి.”

“అంటే మీ రక్తం...”

“పనికొస్తుంది. చూడలేదు, అంతే. చూస్తే తేలిపోతుంది.”

దీనమ్మ గారు కాలితో గోనెసంచిని బెంచీ కిందికి ఇంకొంచెం నెట్టారు.

“నేను నోరు మూసుకుని ఉంటే మీరు సంతకం పెట్టేసేవారు.”

“అవునండి.”

“నా నోరే నాకు శత్రువని వాడు అంటానే ఉండేవాడు.” కాస్త నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. “చేయించండమ్మా. మీదైతే మీరే వచ్చి చెప్పండి. ఫోనులో పోలీసోళ్ళ చేత మాత్రం చెప్పించకండి.”

సంతకం పెట్టకుండా బయటికి వచ్చాను. నన్ను నేను మేనకోడలుగా రాసుకుని కొత్త అర్జీ ఇచ్చాను. మళ్ళీ రక్తం తీశారు.

ఆ తర్వాత రోజులు కష్టంగా గడిచాయి. ఆయన ఇంట్లో లేరని కాదు. ఉన్నట్టు అనిపించడమే కష్టం. చెయ్యి చూసుకుంటే, ఇందులో ప్రతి కణంలోనూ ఆయనలో ఉన్న అక్షరాలే ఉన్నాయని తెలుసు. ఎప్పుడో పోయిన అమ్మమ్మ తన మాట ఒక్కటి కూడా మార్చకుండా మా ఇద్దరికీ పంచిపెట్టింది. ఆయన దగ్గర ఆ మాట ఆగిపోయింది. నా దగ్గరా ఆగిపోతుంది. ఎముకకి గట్టితనం సున్నం ఇస్తుంది, పెళుసుబారకుండా కాపాడేది ప్రోటీను. కొల్లాజెన్ అంటారు, మూడు పోగులు కలిపి పురిపెట్టిన తాడు. ఆ పురి మధ్యలోనే కాస్త డీఎన్‌ఏ ఉప్పునీటికి అందకుండా దాక్కుంటుంది. ఇదంతా ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. కొట్టులో కూర్చుని మూడు పోగులండి, తెగదు అని ఆయన చెప్పిన మాటా, నేను క్లాసులో చెప్పిన మాటా ఒకటేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

వాన మబ్బులు కమ్ముతున్న రోజున ల్యాబు నుంచి ఆశాజ్యోతి గారనే సైంటిస్టు స్వయంగా ఫోన్ చేశారు. నేను స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను.

“మేడమ్, మీ సీక్వెన్సు, ఎముకల సీక్వెన్సు కలిశాయి. మీరు బయాలజీ టీచరని చూశాను, అందుకని వివరంగా చెబుతున్నాను. ఇది ఫలానా మనిషని చెప్పదు. ఒకే తల్లి వంశమని చెబుతుంది. మీ వైపు మగవాళ్ళు ఇంకెవరైనా కనబడకుండా పోయారా?”

“లేరండి. అమ్మమ్మకి ఇద్దరే. అమ్మా, మావయ్యా.”

“అయితే సందేహం అక్కర్లేదు మేడమ్. సారీ.”

“వరస కలిసింది,” అన్నాను.

“ఏంటండి?”

“ఏం లేదండి. థాంక్సండి.”

మా పెళ్ళికి ముందు పంతులుగారు కూడా ఇదే మాట అన్నారు. అమ్మమ్మ నవ్వి, నాకు తెలియదా ఏంటి అంది.

బడి అయ్యాక దీనమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. నేను చెప్పుల్లోంచి కాళ్ళు తియ్యకముందే సూది ఆపేశారు.

“మీదేనా?”

“మాదేనండి.”

“ఆయ్.” మిగిలిన కొస ముడి వేసి, దారం పళ్ళతో తెంపారు. “కూర్చోండి. కాఫీ పెడతాను.”

“వద్దండి దీనమ్మ గారూ.”

“కూర్చోండమ్మా. మంచి కబురు తెచ్చినోళ్ళని ఊరికే పంపరు.”

అది మంచి కబురే. కాఫీ తాగాను. శిలువ లోపలి గదిలో గోడకి ఆనించి ఉంది. దాని మీద దుమ్ము పడకుండా ఒక లేసు గుడ్డ కప్పారు. అది మా కొట్టు దారమే.

ఎముకల్ని నాకు ఇచ్చారు. దహనం చేయించాను. బూడిద గోదావరిలో కలపాలని పురోహితుడు చెప్పాడు. ఏ నీళ్ళలోంచి తెచ్చుకున్నానో మళ్ళీ ఆ నీళ్ళకే ఇవ్వడం. కానీ అంతకన్నా వేరే చోటు మాకు లేదు. మా ఊరి వలంధర రేవులో మెట్లు దిగాను. మళ్ళీ ఎర్ర నీరు వస్తోంది. దీనమ్మ గారు తలమీద కొంగు కప్పుకుని కాస్త దూరంలో నిలబడ్డారు. ఇది వాళ్ళ ఆచారం కాదు. నేను రమ్మనలేదు.

కుండ వంచాను. బూడిద నీళ్ళ మీద కొంచెంసేపు తెల్లగా ఆగి, తర్వాత ఆ ఎరుపులో కలిసిపోయింది. అప్పుడు దీనమ్మ గారు రెండు మెట్లు దిగి, నా వైపు చూడకుండా, నీళ్ళతో మామూలుగా మాట్లాడినట్టు అన్నారు.

“సత్తిరాజుగారండీ, మావాడు ఎక్కడైనా కనబడితే ఇంటికి రమ్మనండి. గెడ వెయ్యలేదని చెప్పండి.”

ఆ రాత్రి నేను గెడ వేసుకుని పడుకున్నాను. పాఠం ఈ ఏడాది కూడా చెప్పాను. అద్దంలో పక్కకి తిరిగినప్పుడు చెవి అలాగే కనబడుతుంది. చూస్తాను.

దీనమ్మ గారి రక్తం ల్యాబులోనే ఉంది. దానితో పోల్చి చూడడానికి ఇంకా ఏమీ దొరకలేదు.